మైలేజీ కోసం మిడ్‌సైజు ట్రక్కు కొంటే, ట్రైలర్ తగిలించగానే గ్యాలన్‌కు 9 మైళ్ళా?

ఫ్రిస్కో_సుబ్బు:
రెండేళ్ళ క్రితం ఫుల్‌సైజు పికప్ ట్రక్కు వద్దనుకుని మిడ్‌సైజు కొన్నాను. కారణం ఒక్కటే, మైలేజీ. బ్రాండు చెప్పను, చెబితే ఆ అభిమానులూ ఈ అభిమానులూ దిగిపోయి అసలు సంగతి మరుగున పడుతుంది. టర్బో, నాలుగు సిలిండర్లు, నాలుగు చక్రాల డ్రైవ్, లాగే సామర్థ్యం 6,500 పౌండ్లు. ఊళ్ళో గ్యాలన్‌కు 21, హైవే మీద 24 వస్తుంది. ఇంతవరకు ఏ ఫిర్యాదూ లేదు.

ఈ వేసవిలో 22 అడుగుల ట్రావెల్ ట్రైలర్ (వెనక తగిలించి లాగే చక్రాల ఇల్లు) కొన్నాం. బ్రోషరులో ఖాళీ బరువు 4,300. అమ్మినాయన "మీ బండి 6,500 లాగుతుంది, ఇంకా 2,200 మిగులే" అని భుజం తట్టి పంపాడు. ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చి ఉన్నారు. వాళ్ళిద్దరు, మేమిద్దరం, మా అబ్బాయి, ఐదుగురం కలిసి ఫ్రిస్కో నుంచి ఇక్కడే టెక్సాస్‌లో ఉన్న పాలో డ్యూరో కాన్యన్‌కు బయలుదేరాం. 287 హైవే పట్టుకుని విచిటా ఫాల్స్, చిల్డ్రెస్, క్లారెండన్ మీదుగా సుమారు 360 మైళ్ళు.

వెళ్ళేటప్పుడు గ్యాలన్‌కు 8.7. వచ్చేటప్పుడు 10.6. ట్యాంకు 18 గ్యాలన్లు. ఊరికీ ఊరికీ మధ్య ఏమీ లేని ఆ రోడ్డు మీద ముల్లు కిందికి దిగుతుంటే ధైర్యం చాలదు కదా, ప్రతి 120 మైళ్ళకూ బంకు వెతుక్కోవడమే. మూడోసారి ఆగేసరికి మా అమ్మ "దీనికి మళ్ళీ దాహమేసిందా?" అంది. గేర్లు పైకీ కిందికీ ఊగుతూ, ఇంజను 4,000 దాటి అరుస్తూనే ఉంది.

ఇది నా ట్రక్కు లోపమా, నేను నడిపిన తీరా? ఫుల్‌సైజు వాళ్ళకు ఎంత వస్తోంది? మార్చేస్తే ఆ పెట్రోలు డబ్బు ఎప్పటికైనా తిరిగి వస్తుందా?

డీజిల్‌రావు:
పెట్రోలు ఇంజనుతో ఇల్లు లాగి మైలేజీ అడుగుతున్నారా? డీజిల్ కొనుక్కోండి.

వాకో_వాసు:
నాది ఫుల్‌సైజు, ఫోర్డ్ ఎఫ్-150, 3.5 టర్బో వీ6. ట్రైలర్ 25 అడుగులు, నిండాక 6,200 పౌండ్లు. అదే 287 మీద నాకు వచ్చింది 9.4. ఖాళీగా నడిపితే 20. కాబట్టి "ఫుల్‌సైజు కొంటే లాగేటప్పుడు మైలేజీ పెరుగుతుంది" అని ఎవరైనా చెబితే నమ్మకండి. గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదు. తేడా అంతా ట్యాంకులో ఉంది. నాది 36 గ్యాలన్లది. ఒకసారి నింపితే 300 మైళ్ళు పోతాను, మీరు రెండుసార్లు ఆగే దూరం నేను ఆగకుండా పోతాను.

ఫ్రిస్కో_సుబ్బు:
వాసు గారూ, మీ ట్రైలర్ నాదానికంటే పెద్దది, బరువైనది. అయినా మీకు నాకంటే ఎక్కువే వస్తోందా? ఇదేమి న్యాయం.

లెక్కలమాస్టారు:
న్యాయం కాదు, గాలి. అందరూ బరువు గురించే మాట్లాడుతున్నారు. చదును రోడ్డు మీద ఒకసారి వేగం అందుకున్నాక బరువు పాత్ర తక్కువ. అక్కడ పెట్రోలు తాగేది గాలి నిరోధం. మీ ట్రక్కు మొహం ఎంత? ట్రైలర్ మొహం ఎంత? ట్రైలర్ 8 అడుగుల వెడల్పు, నేల నుంచి పది అడుగుల పైచిలుకు ఎత్తు. గాలికి ఎదురు నిలిచే గోడ ఒక్కసారిగా దాదాపు రెండింతలవుతుంది. ట్రక్కు చిన్నదైనా పెద్దదైనా గోడ అదే. అందుకే ఇద్దరికీ తొమ్మిది దగ్గరే తేలింది.

గాలి నిరోధం వేగపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. 65 నుంచి 75కు వెళితే వేగం పెరిగింది 15 శాతం, నిరోధం పెరిగేది 33 శాతం. సుబ్బు గారు ఎంతలో నడిపారో చెప్పలేదు.

ఫ్రిస్కో_సుబ్బు:
72. అప్పుడప్పుడు 75. అక్కడ వేగపరిమితి 75 కదా మరి.

లెక్కలమాస్టారు:
అదీ సంగతి. పైగా ఆ ప్రాంతంలో గాలి ఊరికే ఉండదు. ఎదురుగాలి గంటకు 20 మైళ్ళుంటే, మీరు 72లో వెళ్తున్నా గాలి లెక్కన 92లో వెళ్తున్నట్టే. నిరోధం 60 శాతానికి పైగా ఎక్కువ. వచ్చేటప్పుడు అదే గాలి వీపున తోసింది, కొంత దిగుడు కూడా కలిసొచ్చింది. పాలో డ్యూరో పక్కనున్న అమరిల్లో ఊరు ఫ్రిస్కో కంటే సుమారు 2,900 అడుగులు ఎత్తున ఉంది. మీ 8.7, 10.6 తేడా అక్కడిదే. తల మీద ఇసుక బస్తా పెట్టుకుని నడవడం వేరు, గడ్డిమోపు పెట్టుకుని ఎదురుగాలిలో నడవడం వేరు. మీరు లాగింది గడ్డిమోపు.

ఇంకొకటి. ట్రైలర్ టైర్ల మీద ఏ వేగం రాసి ఉందో చూసుకోండి. వేరే గుర్తు లేకపోతే చాలా ట్రైలర్ టైర్లు 65 మైళ్ళకే ఉద్దేశించినవి. రోడ్డు 75 అన్నంత మాత్రాన టైరు ఒప్పుకోదు.

హ్యూస్టన్_పడవ:
మాస్టారు చెప్పినదానికి నేనే సాక్షి. హోండా రిడ్జ్‌లైన్ నాది, లాగే పరిమితి 5,000. పడవ, దాని ట్రైలర్ కలిపి 3,400. గాల్వెస్టన్ వెళ్ళి వస్తే గ్యాలన్‌కు 15 తగ్గదు. పడవ ట్రక్కు నీడలోనే ఉండిపోతుంది. అదే ట్రక్కుతో మిత్రుడి ఇల్లు మారేటప్పుడు ఎత్తయిన డబ్బా ట్రైలర్ లాగాను. సామానుతో కలిపి 2,500 కూడా ఉండదు. 12 వచ్చింది. బరువు తక్కువ, దాహం ఎక్కువ.

గోదావరి_గట్టు:
నాకు ఒక భాషా సందేహం. మా ఊళ్ళో ట్రక్కు అంటే ట్రాక్టరు వెనక తగిలించేది. ఇక్కడికొచ్చాక ట్రక్కే ముందుండి లాగుతోంది. పదేళ్ళయింది, నా బుర్ర ఇంకా అటుది ఇటు తిప్పుకుంటూనే ఉంది.

హ్యూస్టన్_పడవ:
@గోదావరి_గట్టు, పొరపాటున కూడా మీ నాన్నగారికి "ట్రక్కు కొన్నాను" అని చెప్పకండి. "మరి ట్రాక్టరేదిరా?" అంటారు.

కొండదారి_డెన్వర్:
మైలేజీ సంగతి తర్వాత. సుబ్బు గారూ, డ్రైవరు తలుపు తెరిచి, పక్క స్తంభం మీద ఉన్న పసుపూ తెలుపూ స్టిక్కరు చదవండి. "మనుషులు, సామాను కలిపి ఇంత బరువుకు మించరాదు" అని ఒక అంకె ఉంటుంది. ఆ అంకె ఎంత? మీ ఐదుగురి బరువు కలిపి ఎంత? ట్రక్కు వెనక తొట్టిలో ఏమేమి పెట్టారు? ఈ మూడు చెప్పండి.

ఫ్రిస్కో_సుబ్బు:
స్టిక్కరు: 1,120 పౌండ్లు. ఐదుగురం కలిపి 725 (మా ఆవిడ బరువు నేను ఊహించి రాశాను, ఆమె ఇది చదవదని ఆశ). తొట్టిలో చిన్న జనరేటరు, ఐసుపెట్టె, కట్టెలు, కుర్చీలు కలిపి 150 ఉండవచ్చు. అయినా ట్రైలర్‌కు 6,500 పరిమితి ఉంది కదా, ఈ 1,120తో దానికేమి పని?

కొండదారి_డెన్వర్:
పని అంతా దానితోనే. ట్రైలర్ ముందు కొన, అంటే మీ హిచ్ (ట్రక్కు వెనక ట్రైలర్ తగిలించే కొక్కెం) బంతి మీద కూర్చునే భాగం, ట్రక్కును కిందికి నొక్కుతుంది. ఆ నొక్కుడు ట్రైలర్ మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం ఉండాలి. ట్రైలర్ నిండాక 5,000 అనుకుందాం, 12 శాతం చొప్పున 600. ఆ 600ను మీ ట్రక్కు మోస్తోంది, లాగడం కాదు. 725, 150, 600 కలిపితే 1,475. మీ స్టిక్కరు 1,120. అంటే 355 పౌండ్లు ఎక్కువతో అన్ని మైళ్ళు నడిపారు. 6,500 అనే అంకె దగ్గరికి మీరు పోనే లేదు, అంతకుముందే ఇంకో అంకె అయిపోయింది. మిడ్‌సైజు కొన్నవాళ్ళలో చాలామంది పడేది ఇక్కడే.

ఇంకా మూడు ప్రశ్నలు. ఆ నొక్కుడును ముందు చక్రాలకు కూడా పంచే హిచ్ వాడారా, లేక ఒట్టి బంతేనా? ట్రక్కులోంచి ట్రైలర్ బ్రేకులు వేసే కంట్రోలరు ఉందా? దారిలో తోక ఊగిందా?

ఫ్రిస్కో_సుబ్బు:
ఒట్టి బంతి. బ్రేకు కంట్రోలరు ఉంది, పనిచేస్తుంది. తోక... చిల్డ్రెస్ దాటాక ఒక పెద్ద లారీ పక్కనుంచి పోయినప్పుడు ట్రైలర్ రెండు మూడుసార్లు అటూ ఇటూ ఊపింది. స్టీరింగు తేలికైపోయినట్టు అనిపించింది. గాలి అనుకున్నాను. ఇంట్లో వాళ్ళకు చెప్పలేదు.

కొండదారి_డెన్వర్:
స్టీరింగు తేలిక కావడమంటే ముందు చక్రాల మీద బరువు తగ్గిపోయిందన్నమాట. వెనక కుంగితే ముందు లేస్తుంది. 5,000 దాటిన ట్రైలర్‌కు బరువు పంచే హిచ్ పెట్టమని చాలా మిడ్‌సైజు మాన్యువళ్ళలోనే ఉంటుంది, ఎవరూ ఆ పేజీ తిప్పరు. బ్రేకులు ఉన్నాయి కాబట్టి సంతోషం. టెక్సాస్‌లో 4,500 దాటిన ట్రైలర్‌కు బ్రేకులు చట్టప్రకారం ఉండాల్సిందే.

వాకో_వాసు:
కొండదారి గారు కాస్త ఎక్కువ భయపెడుతున్నారేమో. ఆ స్టిక్కరు అంకెలు కంపెనీల లాయర్లు రాసేవి. మా పక్కింటాయన మిడ్‌సైజుకే వెనక స్ప్రింగులకు దన్నుగా గాలి సంచులు (ఎయిర్ బ్యాగులు) వేయించి ఆరేళ్ళుగా ఇంతకంటే పెద్దది లాగుతున్నాడు.

కొండదారి_డెన్వర్:
ఎయిర్ బ్యాగు కుంగిన వెనక భాగాన్ని పైకి లేపి చూపిస్తుంది. ఇరుసు, బ్రేకులు, చక్రాల బేరింగులు, టైర్లు మాత్రం అవే. తలుపు మీది అంకె మారదు. మీ పక్కింటాయన వాకో చదును మీద నడుపుతాడు. నేను ఐ-70 హైవే మీద కొండల్లో ఐసెన్‌హోవర్ సొరంగం దాటుతాను, 11,158 అడుగులు. ఎక్కేటప్పుడు ఎవరికీ ఏమీ కాదు, నెమ్మదిగా పోతారు, అంతే. దిగేటప్పుడు తెలుస్తుంది. కుడివైపు ఆగిపోయి బ్రేకుల నుంచి పొగ వస్తున్న బండ్లను ప్రతి వేసవిలో చూస్తాను. ఆ వాసన ఒకసారి ముక్కుకు తగిలితే స్టిక్కరు లాయరు రాశాడా, ఇంజనీరు రాశాడా అని ఎవరూ అడగరు.

వాకో_వాసు:
సరే, దిగుడు సంగతి ఒప్పుకుంటున్నాను. పక్కింటాయనకు ఈ చర్చ చూపిస్తాను. వినడనుకోండి.

ఫ్రిస్కో_సుబ్బు:
ఇది చదివాక ఒక విషయం గుర్తొచ్చి చెమటలు పట్టాయి. బయలుదేరే రోజు పొద్దున మా నాన్న ట్రక్కు చుట్టూ ఒకసారి తిరిగి, వెనక చక్రం దగ్గర వంగి చూసి, "బండి వెనక్కి మొగ్గిందిరా, నొగ మీద బరువెక్కువైంది" అన్నారు. నేను "నాన్నా, ఇది ఎడ్లబండి కాదు, లెక్కలన్నీ కంప్యూటరే చూసుకుంటుంది" అన్నాను. ఆయన మాట్లాడకుండా వెనక సీటులో కూర్చున్నారు.

గోదావరి_గట్టు:
సుబ్బు గారూ, మీ నాన్నగారి కాళ్ళకు దండం పెట్టండి. ఇది అచ్చంగా ఎడ్లబండే. రెండు చక్రాల బండిలో ధాన్యం బస్తాలు ముందుకు పేర్చితే కాడి ఎద్దుల మెడలను నలిపేస్తుంది. అది చూసి భయపడి వెనక్కి పేర్చితే నొగలు పైకి లేచి మెడతాళ్ళు ఎద్దుల గొంతుకు బిగుస్తాయి, బండి అటూ ఇటూ కొట్టుకుంటుంది. బస్తాలు ఎక్కించేటప్పుడు మా తాత నొగ పట్టుకుని పైకీ కిందికీ ఒకసారి ఊపి "ఇంకో బస్తా ముందుకు" అనేవాడు. హిచ్ మీద పడే బరువుకు ఇంగ్లీషు మాట ఎందుకు, నొగ బరువు అందాం.

కొండదారి_డెన్వర్:
నొగ బరువు! ఇక నుంచి అదే వాడతాను. గోదావరి గారు చెప్పిన రెండో భాగం ముఖ్యం. సుబ్బు గారూ, ఇప్పుడు తెలిసింది కదా అని ట్రైలర్‌లో సామానంతా వెనక్కి నెట్టి నొగ బరువు తగ్గించకండి. 10 శాతం కిందికి వస్తే తోక ఊగడం ఇంకా పెరుగుతుంది. తగ్గించాల్సింది మొత్తం బరువు.

మెల్‌బోర్న్_మురళి:
మీ అమెరికా లెక్కలు నాకు అర్థం కావు. ఇక్కడ హైలక్స్, రేంజర్, డీ-మాక్స్ అన్నీ మీ మిడ్‌సైజు తరగతివే, అన్నీ 3,500 కిలోలు లాగుతాయని రాసి ఉంటుంది. అంటే 7,700 పౌండ్లు. నేను మూడు లీటర్ల డీజిల్‌తో రెండున్నర టన్నుల కారవాన్ లాగుతాను, 100 కిలోమీటర్లకు 16 లీటర్లు తాగుతుంది.

లెక్కలమాస్టారు:
16 లీటర్లంటే మా లెక్కలో గ్యాలన్‌కు దాదాపు 14.7. డీజిల్ కదా, పైగా మీ రోడ్ల మీద వేగం తక్కువ. మురళి గారు, ఆ 3,500 నిండా లాగితే ట్రక్కులో మనుషులకు ఎంత మిగులుతుందో మాన్యువల్లో చూడండి. ట్రక్కు, ట్రైలర్ కలిపిన మొత్తానికీ ఒక పరిమితి ఉంటుంది. చాలా బండ్లలో నిండా లాగితే నిండా మోయలేరు.

6,500 అంకె ఎలా పుట్టిందో కూడా చెప్పాలి. లాగే సామర్థ్యాన్ని ఎలా పరీక్షించాలో చెప్పే ఎస్ఏఈ జే2807 అని ఒక ప్రమాణం ఇక్కడ ఉంది. దానికి ముందు ఎవరికి తోచిన అంకె వాళ్ళు రాసుకునేవారు. పికప్పుల్లో మొదట పాటించింది 2011 టయోటా టండ్రా, మిగతా పెద్ద కంపెనీలు 2015 మోడళ్ళ నాటికి దారికొచ్చాయి. అరిజోనాలో డేవిస్ డ్యామ్ దగ్గర 11 మైళ్ళకు పైగా ఎక్కుడు ఉంది. ఆ ఎండలో ఏసీ పూర్తిగా పెట్టుకుని, ఆ ఎక్కుడంతా గంటకు 40 మైళ్ళకు తగ్గకుండా లాగాలి. అయితే లోపల ఉండేది డ్రైవరు, పక్కన ఒకరు, మనిషికి 150 పౌండ్ల లెక్కన. అమ్మా లేదు, నాన్నా లేదు, ఆవకాయ జాడీ లేదు.

హ్యూస్టన్_పడవ:
ఆవకాయ జాడీకి ఇంకా ప్రమాణం రాలేదా?

డీజిల్‌రావు:
మురళి మాట వినండి. నాది 2019 షెవర్లే కొలరాడో, మిడ్‌సైజే, 2.8 లీటర్ల డీజిల్, 369 పౌండ్-అడుగుల టార్కు, 7,700 లాగుతుంది. హైవే మీద ఖాళీగా 30, ట్రైలర్‌తో 14. అలాంటిది 2022 తర్వాత ఆపేశారు. రామ్ 1500లో డీజిల్ పోయింది, ఎఫ్-150లో డీజిల్ అంతకుముందే పోయింది. భారీ తరగతి ట్రక్కులు వదిలేస్తే మిగిలింది జీఎం మూడు లీటర్లది ఒక్కటే, అదీ ఫుల్‌సైజులోనే. 305 గుర్రాల బలం, 495 టార్కు. కొంటే అది కొనండి, లేకపోతే పెట్రోలు బంకులో కాపురం పెట్టండి.

ప్లేనో_పద్మ:
రావు గారికి తలనొప్పి వచ్చినా డీజిలే మందు. డీజిల్ ధర ఎక్కువ, పొగ శుభ్రం చేసే ఆ నీలం మూత ద్రవం పోసుకోవాలి, నూనె మార్పు ఖరీదు. ఏడాదికి మూడుసార్లు ట్రైలర్ లాగేవాళ్ళకు ఆ లెక్క ఎప్పుడు తీరుతుంది?

నేనూ మిడ్‌సైజు మనిషినే, రేంజర్. నాకది చాలు. ఆదివారం మట్టి, మొక్కలు, ఎప్పుడైనా పరుపు. పార్కింగులో తలుపు తెరిచి దిగగలను. సుబ్బు గారికి నా సలహా: ట్రక్కు ఉంచుకోండి, ట్రైలర్ అమ్మేయండి. మడత పెట్టే చిన్నది కొనుక్కోండి, 2,500 పౌండ్లలోపే దొరుకుతాయి, గాలికి కూడా అడ్డం రావు. లేదా అమ్మానాన్నలు వచ్చినప్పుడు పెద్దది అద్దెకు తీసుకోండి.

ఫ్రిస్కో_సుబ్బు:
మడత ట్రైలర్ చూపించాను. మా అమ్మ "ఇది డేరా కదా, బాత్రూమేదీ?" అంది. చర్చ అక్కడితో ముగిసింది.

నెల్లూరు_నేస్తం:
దూరం నుంచి చదువుతున్నాను. మాకు పక్కనే శ్రీసిటీలో తయారయ్యే ఇసుజు వీ-క్రాస్ ఉంది నా దగ్గర, 1.9 లీటర్ల డీజిల్, పొడవు 5.3 మీటర్లు. మీరు "మిడ్‌సైజు" అంటున్నది దాదాపు ఇదే కొలత. మా వీధి మలుపులో దీన్ని తిప్పాలంటే ఎదురింటివాళ్ళ స్కూటరు తీయించాలి. దీన్ని కూడా చిన్నదనే దేశం ఉందా! లీటరుకు 12 ఇస్తుంది. లాగేది ఏమీ లేదు, వెనక మామిడికాయల బుట్టలే.

వాకో_వాసు:
@నెల్లూరు_నేస్తం, ఆ బుట్టలు మాకు పంపించండి, నొగ బరువు మేము చూసుకుంటాం.

లెక్కలమాస్టారు:
సుబ్బు గారి అసలు ప్రశ్న మిగిలిపోయింది, "మార్చితే డబ్బు తిరిగి వస్తుందా" అని. ఏడాదికి 12,000 మైళ్ళు ఖాళీగా, 1,500 మైళ్ళు ట్రైలర్‌తో అనుకుందాం. మిడ్‌సైజు: ఖాళీగా 22, లాగితే 9. మొత్తం 712 గ్యాలన్లు. ఫుల్‌సైజు: ఖాళీగా 20, లాగితే 10. మొత్తం 750. తేడా ఏడాదికి 38 గ్యాలన్లు. గ్యాలన్ 3 డాలర్లనుకుంటే 114 డాలర్లు. నెలకు పది కూడా కాదు.

అంటే రెండు వైపులా చెబుతున్నాను. మైలేజీ కోసం మిడ్‌సైజు కొనడంలో మీరు ఆదా చేసింది పెద్దగా లేదు. మైలేజీ కోసం ఇప్పుడు ఫుల్‌సైజుకు మారితే తిరిగి వచ్చేదీ లేదు, ఇంకా ఎదురు కట్టాలి. 22కూ 20కీ తేడా కంటికి పెద్దగా కనిపిస్తుంది, గ్యాలన్లలోకి మార్చితే కరిగిపోతుంది. మారాలంటే నొగ కోసం మారండి.

కొండదారి_డెన్వర్:
మాస్టారి లెక్కకు ఒక తోక. టర్బో పెట్రోలు ఇంజను నిండా బరువు మీద పనిచేస్తే వేడి తగ్గించుకోవడానికి అదనంగా పెట్రోలు చిమ్ముకుంటుంది. చిన్న ఇంజను ఆ స్థితికి తొందరగా చేరుతుంది, పెద్ద ఇంజను అరుదుగా. అలాగని టర్బో వద్దనడం లేదు. టర్బో లేని ఇంజను ప్రతి 1,000 అడుగుల ఎత్తుకూ సుమారు 3 శాతం బలం పోగొట్టుకుంటుంది. మా సొరంగం దగ్గర మూడో వంతు గుర్రాలు సెలవు మీద ఉంటాయి.

హ్యూస్టన్_పడవ:
విద్యుత్తు ట్రక్కు గురించి ఎవరూ మాట్లాడలేదేమిటి? మా ఆఫీసులో ఒకరు లాగి చూశారు. బలానికి లోటు లేదట, కొండ మీద కూడా చప్పుడు లేకుండా పోతుందట. కానీ ట్రైలర్ తగిలించగానే వెళ్ళగలిగే దూరం సగానికి పడిపోయింది, పైగా చాలా చార్జింగు కేంద్రాల్లో ట్రైలర్ విప్పి పక్కన పెడితే తప్ప బండి పట్టదు. ప్రతి 130 మైళ్ళకూ విప్పి, కట్టి.

ప్లేనో_పద్మ:
సుబ్బు గారి అమ్మగారు అప్పుడేమనేవారో!

ఫ్రిస్కో_సుబ్బు:
నిన్న శనివారం తూకం వేయించాను. వివరంగా రాస్తాను, ఇంకెవరికైనా పనికొస్తుంది.

హైవే పక్కన లారీలు ఆగే చోట క్యాట్ స్కేలు, అంటే లారీలను తూచే కాటా, ఉంటుంది. లారీల వరుసలో మా బండి దూడలా ఉంది. పొడవాటి పలకలు మూడు. ముందు చక్రాలు ఒకదాని మీద, వెనక చక్రాలు రెండోదాని మీద, ట్రైలర్ చక్రాలు మూడోదాని మీద వచ్చేలా ఆపాలి. కిటికీలోంచి చెయ్యి చాపి, ఎత్తున ఉన్న మీట నొక్కితే లోపలి నుంచి ఒకామె "మొదటిసారా?" అని అడిగింది. యాత్రకు వెళ్ళినట్టే అన్నీ సర్దాను, నీళ్ళ ట్యాంకుతో సహా. అవును, 40 గ్యాలన్ల నీళ్ళు ఫ్రిస్కోలోనే నింపుకుని 360 మైళ్ళు మోశాను, అదొక్కటే 330 పౌండ్లట. అమ్మ "నన్ను కూడా తూస్తారా?" అని చీర సర్దుకుని కూర్చుంది. నాన్న మాత్రం దిగి చూస్తానన్నారు. దిగితే లెక్క తప్పుతుందని ఆపాను.

కాగితం చేతికొచ్చింది. ముందు ఇరుసు 2,685. వెనక ఇరుసు 3,860. ట్రైలర్ 4,640. తర్వాత ట్రైలర్‌ను పక్కన విప్పి ట్రక్కును మాత్రమే తూయించాను, మొత్తం 5,885. తగిలించినప్పుడు ట్రక్కు 6,545. తేడా 660, అదే నొగ బరువు. ట్రైలర్ మొత్తం 5,300, అంటే నొగ 12 శాతం పైచిలుకు. ట్రైలర్ సర్దుబాటులో తప్పు లేదు. ట్రక్కు తన బరువు, మోత కలిపి మొత్తం పరిమితి 6,100, నేను 445 ఎక్కువ. వెనక ఇరుసు పరిమితి 3,500, అక్కడ 360 ఎక్కువ. కొండదారి గారి ఊహ కంటే అసలు లెక్క ఇంకా ఘోరంగా తేలింది.

కాగితం నాన్నకు ఇచ్చాను. అద్దాలు పెట్టుకుని మూడు అంకెలూ చదివి, మడిచి జేబులో పెట్టుకున్నారు. ఏమీ అనలేదు. అనుంటే బాగుండేది.

గోదావరి_గట్టు:
ఆ కాగితం ఇండియా వెళ్తుంది, ఊళ్ళో అందరికీ చూపిస్తారు. సిద్ధంగా ఉండండి.

కొండదారి_డెన్వర్:
నీళ్ళు అక్కడికి వెళ్ళాక నింపుకుంటే 330 తగ్గుతాయి, కానీ మీ ట్రక్కుకు అదీ చాలదు. మనుషుల్ని తగ్గించలేరు కదా.

వాకో_వాసు:
ఫుల్‌సైజు చూస్తుంటే ఒక్క మాట. పేరు చూసి కొనకండి, తలుపు తెరిచి స్టిక్కరు చదివాకే బేరం. పైకప్పు నిండా అద్దం, తోలు సీట్లు, ఎక్కడానికి కరెంటు మెట్లు, ఇవన్నీ మోసే బరువులోంచే కోత. ఒకే ట్రక్కు, ఒకే ఇంజను, మామూలు రకంలో 1,800 ఉంటే ఖరీదైన రకంలో 1,300 కూడా చూశాను. ఎక్కువ డబ్బిచ్చి తక్కువ మోత కొనుక్కున్నవాళ్ళు మా ఊళ్ళో కొల్లలు.

డీజిల్‌రావు:
డీజిల్ ఇంజను బరువెక్కువ కాబట్టి అందులోనూ కాస్త కోత ఉంటుంది. నిజాయితీగా చెబుతున్నాను, స్క్రీన్‌షాట్ తీసుకోండి.

ప్లేనో_పద్మ:
తీసుకున్నాను.

ఫ్రిస్కో_సుబ్బు:
వారం తర్వాత సంగతి. వాడిన ఫుల్‌సైజు ఒకటి దొరికింది, మామూలు రకం, స్టిక్కరు 1,780. ఫోటో పంపితేనే వస్తానని అమ్మేవాడికి చెప్పాను, వింతగా చూశాడు గానీ పంపాడు. బరువు పంచే హిచ్‌తో కలిపి నా లెక్క 1,615, ఇంకా 165 మిగులు. ట్రైలర్‌తో 65 దాటనని మా ఆవిడకు మాటిచ్చాను. మైలేజీ గురించి ఇక మాట్లాడను.

ఆమె పెట్టిన షరతు ఒక్కటే, గ్యారేజీలో పట్టాలి. టేపు పట్టుకుని ఇద్దరం కొలిచాం. గ్యారేజీ లోతు 19 అడుగుల 8 అంగుళాలు. ట్రక్కు 232 అంగుళాలు, అంటే 19 అడుగుల 4 అంగుళాలు. నాలుగు అంగుళాలు మిగులుతోంది. అరలు ఊడదీస్తే చాలు. రేపు బయానా ఇస్తున్నాను.

లెక్కలమాస్టారు:
హిచ్ కడ్డీ, బంతి బిగించి ఉంచి కొలిచారా, తీసి కొలిచారా? అది వెనక మరో 8 అంగుళాలు పొడుచుకు వస్తుంది.

ఫ్రిస్కో_సుబ్బు:
తీసే. ప్రతిసారీ తీసి పెట్టుకుంటాను లెండి. ఆగండి, వేడినీళ్ళ ట్యాంకు కింది అరుగు లెక్కలో వేశామా? టేపు ఎక్కడుందో.